హీత్‌భూముల మొక్కలను ఆశించే కీటకాలపై వాతావరణ, పరిసర పరిస్థితుల ప్రభావం: హీథర్ పెంకు పురుగు ఉదాహరణగా ఒక అధ్యయనం

సారాంశం

వాయవ్య ఐరోపాలోని హీత్‌భూములలో హీథర్ పొదలను ఆశించే పెంకు పురుగు కొన్ని సంవత్సరాలలో విస్తారమైన ప్రాంతాన్ని ఎండగొడుతుంది. మరికొన్ని సంవత్సరాలలో వెదికినా అరుదుగానే కనిపిస్తుంది. ఈ హెచ్చుతగ్గులకు ఉష్ణోగ్రత ఒక్కటే కారణం కాదు. గాలి నుంచి నేలకు చేరే నత్రజని, నేల తేమ, వేసవి కరవు, శీతాకాలపు చలి, సహజ శత్రువులు కలిసి ఈ పురుగు సంఖ్యను నిర్ణయిస్తాయి. నెదర్లాండ్స్, బ్రిటన్, డెన్మార్క్, న్యూజిలాండ్ దేశాల అనుభవాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వాతావరణాన్ని బట్టి పురుగుల ఉధృతిని అంచనా వేసేటప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గమనించవలసిన అంశాలను వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

వాతావరణం వేడెక్కితే పురుగులు పెరుగుతాయన్న అభిప్రాయం విస్తృతంగా ప్రచారంలో ఉంది. కీటకాల శరీర ఉష్ణోగ్రత పరిసరాలపై ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఒక పరిమితి వరకు వేడి పెరిగిన కొద్దీ వాటి ఎదుగుదల వేగవంతమవుతుంది; కొన్ని జాతులలో ఏడాదికి వచ్చే తరాల సంఖ్య కూడా పెరుగుతుంది. అయితే పురుగు ఒంటరిగా జీవించదు. అది తినే మొక్కపైన, దానిని తినే శత్రువులపైన, అది దాగి ఉండే నేలపైన కూడా అదే వాతావరణం పనిచేస్తుంది. ఈ ప్రభావాలన్నీ ఒకే దిశలో సాగవు.

ఈ విషయాన్ని పంట పొలంలో విడదీసి చూడడం కష్టం. విత్తే తేదీ, రకం, నీటి తడులు, ఎరువులు, పురుగుమందులు అన్నీ వాతావరణ ప్రభావంతో కలిసిపోతాయి. హీత్‌భూమిలో ఈ చిక్కు చాలావరకు ఉండదు. అక్కడ ఒకే బహువార్షిక మొక్క మైళ్ల కొద్దీ విస్తరించి ఉంటుంది. దానిని ఆశించే ప్రధాన పురుగుకు ఏడాదికి ఒకే తరం ఉంటుంది. విత్తనం వేయడం గాని, నీరు పెట్టడం గాని లేదు. అందుకే కీటకానికి, వాతావరణానికి గల సంబంధాన్ని అధ్యయనం చేయడానికి హీత్‌భూమి అనువైన క్షేత్రం.

హీత్‌భూమి, హీథర్ మొక్క స్వభావం

ఆమ్లగుణం గల, పోషకాలు తక్కువైన ఇసుక నేలలలోను, పీట్ నేలలలోను పొట్టి సతతహరిత పొదలతో కప్పబడి ఉండే బయలు ప్రదేశాలను హీత్‌భూములు అంటారు. చల్లని, తేమ గల సముద్ర వాతావరణం వీటికి అనుకూలం. ఇక్కడి ముఖ్యమైన మొక్క కలూనా వల్గారిస్. దీనినే హీథర్ అంటారు. ఇది రోడోడెండ్రాన్ కుటుంబానికి చెందిన చిన్న పొద. ఆకులు అతి చిన్నవి. వేసవి చివర ఊదారంగు పూలు పూస్తుంది.

ఈ భూములు పూర్తిగా ప్రకృతి సిద్ధమైనవి కావు. అడవులు నరికిన చోట శతాబ్దాల తరబడి గొర్రెలను మేపడం, పొదలను కోయడం, కాల్చడం, పై మట్టిని గడ్డతో సహా చెక్కి పశువుల పాకలలో పరచడం వల్ల నేలలోని పోషకాలు తరిగిపోయి హీథర్ స్థిరపడింది. ఆ పద్ధతులు ఆగిపోవడం, భూములు సాగులోకి, అటవీ పెంపకంలోకి రావడం వల్ల వీటి విస్తీర్ణం బాగా తగ్గింది. నెదర్లాండ్స్‌లో 19వ శతాబ్దంలో సుమారు 8 లక్షల హెక్టార్లు ఉండగా నేడు సుమారు 40 వేల హెక్టార్లు మాత్రమే మిగిలాయి. బ్రిటన్‌లో 1800 నాటి పల్లపు హీత్‌భూములలో దాదాపు ఆరింట ఒక వంతు మిగిలింది. మిగిలిన కొద్ది భూమిని కాపాడుకోవలసి రావడం వల్లనే అక్కడి పురుగు సమస్యకు ఇంత ప్రాముఖ్యం ఏర్పడింది.

హీథర్ పొద జీవితాన్ని నాలుగు దశలుగా విభజిస్తారు: తొలిదశ, గుబురు కట్టే దశ, ముదురు దశ, క్షీణ దశ. గుబురు కట్టే దశలో పొద నేలను పూర్తిగా కప్పివేస్తుంది. కింద వెలుతురు అందక గడ్డి జాతులు మొలవవు. ముదురు పొద మధ్యలో విచ్చుకొని ఖాళీ ఏర్పడుతుంది. తిరిగి చిగురించే శక్తి కూడా వయసుతో తగ్గుతుంది. పురుగు వల్ల కలిగే నష్టం ఏ స్థాయిలో ఉంటుందో చాలావరకు ఈ వయసుపైనే ఆధారపడుతుంది.

పురుగు జీవిత చక్రం, ఒక్కొక్క దశపై వాతావరణ ప్రభావం

హీథర్ పెంకు పురుగు శాస్త్రీయ నామం లోక్మియా సూటురాలిస్. ఆకు పెంకు పురుగుల కుటుంబానికి చెందిన ఇది 5 నుంచి 6 మిల్లీమీటర్ల పొడవుతో గోధుమ వర్ణంలో ఉంటుంది. పిల్ల పురుగులు, పెద్ద పురుగులు రెండూ హీథర్ ఆకులను, లేత కొమ్మల బెరడును గోకి తింటాయి.

పెద్ద పురుగులు శీతాకాలాన్ని పొదల కింద రాలిన ఆకుల పొరలోను, నాచు మొక్కలలోను సుప్తావస్థలో గడుపుతాయి. వసంతంలో ఎండ కాసే వెచ్చని రోజులలో బయటకు వచ్చి కొత్త ప్రదేశాలకు ఎగిరి వెళతాయి. ఈ దశకు వెచ్చదనం, తక్కువ గాలి అవసరం. ముందుగా వచ్చిన వెచ్చదనం పురుగును మేల్కొలిపి, ఆ తరువాత మళ్లీ గడ్డకట్టే చలి తిరిగి వస్తే నష్టం పురుగుకే కలుగుతుంది.

తల్లి పురుగులు వసంతం చివరి వరకు తడిసిన నాచులోను, ఆకుల పొరలోను గుడ్లు పెడతాయి. గుడ్డు తన చుట్టూ ఉన్న తేమను పీల్చుకొని ఎదుగుతుంది. పరిసరాలు పొడిబారితే ఎండిపోతుంది. అందువల్ల గుడ్డు దశలో నిర్ణాయకమైనది గాలి ఉష్ణోగ్రత కంటే నేలను అంటిపెట్టుకొని ఉన్న కొద్ది సెంటీమీటర్ల పొరలోని తేమ. నాచు దట్టంగా పెరిగిన తడి హీత్‌భూములలో ఈ పురుగు తరచుగా విజృంభించడానికి ఇది ఒక ముఖ్య కారణం. వాతావరణ కేంద్రంలో నమోదైన వర్షపాతం ఒకటే అయినా, నాచు ఉన్న చోట, లేని చోట గుడ్ల మనుగడ వేరుగా ఉంటుంది.

గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగులు పొదలపైకి ఎక్కి వేసవి అంతా తింటాయి. నష్టంలో అధిక భాగం ఈ దశలోనే జరుగుతుంది. మూడు దశలలో ఎదిగిన తరువాత అవి కిందికి దిగి ఆకుల పొరలో కోశస్థ దశలోకి వెళతాయి. వేసవి చివర, శరదృతువు ఆరంభంలో కొత్త పెద్ద పురుగులు వెలువడి, చలి ముదిరేలోగా తిని కొవ్వు నిల్వ చేసుకుంటాయి. ఆ నిల్వ ఎంత ఉన్నదనే దానిపై మరుసటి వసంతానికి ఎన్ని బతుకుతాయన్నది ఆధారపడుతుంది.

ఈ విధంగా ఒకే సంవత్సరంలో పురుగుకు వసంతంలో తేమ, వేసవిలో రసవంతమైన మేత, శీతాకాలంలో నిలకడైన చలి కావాలి. ఏ ఒక్క దశలో పరిస్థితి ప్రతికూలించినా మిగిలిన దశల అనుకూలత ఫలించదు.

నష్ట లక్షణాలు, సరైన గుర్తింపు

పురుగు తిన్న పొదలు వేసవిలో తుప్పు రంగుకు, ఆ తరువాత బూడిద రంగుకు మారతాయి. అయితే గడ్డకట్టిన నేల నుంచి వేర్లు నీటిని తీసుకోలేని సమయంలో ఎండ, పొడి గాలి వీచినపుడు కూడా హీథర్ ఇదే విధంగా ఎర్రబారుతుంది. తీవ్రమైన కరవులోనూ ఇటువంటి లక్షణమే కనిపిస్తుంది. దూరం నుంచి చూసి వీటిని వేరు చేయడం సాధ్యం కాదు. ఆకుల అంచులు, లేత బెరడు గోకినట్లు ఉండడం, కొమ్మలను దులిపితే పిల్ల పురుగులు రాలడం, పొద మొదట్లోని ఆకుల పొరలో కోశాలు గాని పెద్ద పురుగులు గాని దొరకడం పురుగు వల్ల కలిగిన నష్టానికి నిదర్శనాలు. శీతాకాలం చివర కనిపించే ఎరుపు సాధారణంగా చలి వల్ల, వేసవి మధ్యలో మొదలై వ్యాపించే ఎరుపు సాధారణంగా పురుగు వల్ల వస్తుంది. కారణాన్ని తప్పుగా గుర్తిస్తే పురుగు చరిత్ర నమోదు కూడా తప్పుతుంది; ఆ నమోదుపై ఆధారపడిన వాతావరణ విశ్లేషణ కూడా తప్పుతుంది.

గాలి నుంచి దిగే నత్రజని

1970ల చివర, 1980ల ఆరంభంలో నెదర్లాండ్స్ హీత్‌భూములలో ఈ పురుగు విస్తృతంగా విజృంభించింది. హీథర్ చనిపోయిన చోట తిరిగి హీథర్ రాలేదు. డెష్చాంప్సియా ఫ్లెక్సువోసా, మోలినియా సెరూలియా అనే గడ్డి జాతులు ఆ స్థలాన్ని ఆక్రమించాయి. ఈ పురుగు అక్కడ కొత్తది కాదు. దాని దాడి నుంచి హీథర్ పూర్వం కోలుకుంటూనే ఉండేది. ఈసారి కోలుకోకపోవడానికి కారణం ఏమిటన్న ప్రశ్న పరిశోధనకు దారితీసింది.

ఆ దేశంలో సాంద్ర పశుపోషణ విస్తరించడంతో పశువుల ఎరువు నుంచి వెలువడే అమ్మోనియా, వాహనాలు, పరిశ్రమల నుంచి వచ్చే నత్రజని ఆక్సైడ్లు గాలిలో కలిసి వానతోను, ధూళితోను హీత్‌భూములపైకి చేరాయి. ఆ కాలంలో అనేక చోట్ల ఏడాదికి హెక్టారుకు 30 కిలోలకు మించి నత్రజని ఈ విధంగా చేరింది. ఎవరూ ఎరువు వేయని భూమికి గాలే ఎరువు వేసింది. పొడి హీత్‌భూములు తట్టుకోగల పరిమితిని ఐరోపా నిపుణులు గతంలో హెక్టారుకు 10 నుంచి 20 కిలోలుగా అంచనా వేశారు. 2022లో దానిని 5 నుంచి 15 కిలోలకు తగ్గించారు.

బ్రున్స్టింగ్, హైల్ 1985లో ప్రచురించిన అధ్యయనంలో నత్రజని అందిన హీథర్‌పై ఈ పురుగు మెరుగ్గా ఎదిగిందని తేలింది. ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో థర్‌స్లీ కామన్ వద్ద పవర్ బృందం 1998లో వెల్లడించిన ఫలితాలూ ఈ దిశలోనే ఉన్నాయి. అక్కడ ఏడాదికి హెక్టారుకు సుమారు 15 కిలోల నత్రజని వరకు మాత్రమే అదనంగా ఇచ్చారు. వరికి సిఫారసు చేసే మోతాదుతో పోల్చితే ఇది చాలా స్వల్పం. అయినా పొదలు ముందుగా చిగురించాయి, పిల్ల పురుగులు వేగంగా పెరిగాయి, కొమ్మలు నీటిని త్వరగా కోల్పోయాయి.

కీటకాల ఎదుగుదలకు సాధారణంగా మేతలోని నత్రజనే పరిమితి. అది పెరిగితే పిల్ల పురుగు త్వరగా ఎదుగుతుంది, తల్లి పురుగు బరువు పెరుగుతుంది. మరోవైపు నత్రజని వల్ల మొక్కలో కొమ్మల పెరుగుదల వేర్ల పెరుగుదలను మించిపోయి, కరవును, చలిని తట్టుకునే శక్తి తగ్గుతుంది. అంటే నత్రజని పురుగుకు బలాన్నిస్తూ, అదే సమయంలో మొక్కను బలహీనపరుస్తుంది.

ఇక్కడ గమనించదగిన క్రమం ఒకటి ఉంది. నత్రజని పెరిగినంత మాత్రాన గడ్డి వెంటనే రాదు. హీథర్ గుబురు మూసుకొని ఉన్నంత కాలం కింద గడ్డికి వెలుతురు అందదు. పైగా హీథర్ కూడా నత్రజనితో ఏపుగా పెరుగుతుంది. పురుగు ఆ గుబురును ఛేదించినపుడు మాత్రమే వెలుతురు నేలకు చేరుతుంది. రాలిన ఆకులు, పురుగుల విసర్జకాల నుంచి మరికొంత నత్రజని నేలలో కలుస్తుంది. అంతవరకు నేలలో పేరుకున్న నత్రజనిని గడ్డి ఒక్కసారిగా వినియోగించుకుంటుంది. పురుగు దాడి లేకుండా నత్రజని, నత్రజని లేకుండా పురుగు దాడి విడివిడిగా ఇంతటి మార్పు తేలేవు. రెండూ కలిసినపుడు పొదభూమి గడ్డిభూమిగా మారుతుంది.

స్కాట్లండ్‌లో 1980ల నుంచి హీథర్‌ను తీవ్రంగా ఆశిస్తున్న శీతాకాలపు రెక్కల పురుగు ఒపెరోఫ్టెరా బ్రుమాటా విషయంలోనూ నత్రజని అందిన మొక్కలు గొంగళి పురుగుల ఎదుగుదలకు మెరుగైన మేతగా తేలాయి. సాధారణంగా ఓక్, ఆపిల్ వంటి చెట్లను ఆశించే ఈ పురుగుకు గుడ్లు పొదిగే సమయం, చెట్లు చిగురించే సమయం కలిసిరావడం ప్రాణావసరం. నెదర్లాండ్స్‌లో వసంతాలు వెచ్చబడినపుడు ఓక్ చెట్లపై ఈ సమయాల పొంతన తప్పిందని 2001లో విస్సర్, హోలెమన్ చూపారు. వెచ్చదనం పురుగును తొందరపెట్టినా, దాని మేతను కూడా అదే మోతాదులో తొందరపెట్టకపోతే ఆ పురుగుకు మేలు జరగదు.

కరవు, వేడి, బొగ్గుపులుసు వాయువు: బ్రాండ్‌బ్యర్గ్ ప్రయోగం

కరవుకు గురైన మొక్కల కణజాలంలో కరిగే నత్రజని పెరుగుతుందని, అందువల్ల అవి పురుగులకు మంచి మేత అవుతాయని టి.సి.ఆర్. వైట్ ప్రతిపాదించారు. దీనికి భిన్నంగా, ఏపుగా పెరిగే మొక్కలే అనేక కీటకాలకు ఇష్టమని 1991లో పీటర్ ప్రైస్ సూచించారు. హీథర్ పెంకు పురుగు విషయంలో ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి డెన్మార్క్‌లోని బ్రాండ్‌బ్యర్గ్ హీత్‌భూమి ప్రయోగం తోడ్పడింది.

2005లో ఆరంభమైన ఈ ప్రయోగంలో మూడు అంశాలను విడివిడిగాను, కలిపి కూడా మార్చారు: గాలిలో బొగ్గుపులుసు వాయువును పెంచడం, రాత్రివేళ తెరలు కప్పి నేల వేడిని నిలిపి ఉంచడం, వేసవిలో వానను అడ్డుకొని కరవు కల్పించడం. ఆరు పునరావృతాలతో మొత్తం 48 మడులు ఉండేవి. 2008లో ఒక్కొక్క మడిలో 9 చొప్పున 432 పిల్ల పురుగులను ఉంచి, ఐదు వారాల పాటు వాటి బరువును, మనుగడను పరిశీలించారు.

ఫలితాలు సాధారణ అంచనాకు విరుద్ధంగా వచ్చాయి. ఏ మార్పూ చేయని మడులలోనే పురుగుల బరువు, మనుగడ అత్యధికంగా ఉన్నాయి. మార్పుల సంఖ్య పెరిగిన కొద్దీ రెండూ తగ్గాయి. బరువు కరవు మడులలో అత్యల్పంగా నమోదైంది. మనుగడ మూడు అంశాలూ కలిసిన మడులలో అత్యల్పంగా ఉంది. మొక్కలోని నీటి శాతం, నత్రజని, రక్షక రసాయనాలలో వచ్చిన మార్పుల ద్వారా ఈ ప్రభావాలు పురుగుకు చేరాయి. మూడింటిలో కరవే అతి ముఖ్యమైన అంశంగా తేలింది. ఆకులను నమిలి తినే ఈ పురుగుకు, వైట్ ప్రతిపాదనలో చెప్పినట్లు, కరవు మేలు చేయలేదు.

అయితే ఈ ఫలితాన్ని బట్టి భవిష్యత్తులో హీథర్ సురక్షితమని తీర్మానించరాదు. అదే కరవు మొక్కను కూడా బలహీనపరుస్తుంది. తక్కువ సంఖ్యలో ఉన్న పురుగులు కూడా బలహీనపడిన పొదను, ముఖ్యంగా వయసు ముదిరిన పొదను చంపగలవు. పురుగుల సంఖ్య, నష్టం అనేవి రెండు వేరు కొలతలు. ఒకటి తగ్గినా రెండవది పెరగవచ్చు.

సహజ శత్రువులు

హీథర్ పెంకు పురుగు గుడ్లను, పిల్ల పురుగులను కాక్సినెల్లా హైరోగ్లిఫికా అనే అక్షింతల పురుగు తింటుంది. అసెకోడెస్ మెంటో అనే చిన్న కందిరీగ జాతి బదనిక పిల్ల పురుగులలో వృద్ధి చెందుతుంది. పెద్ద పురుగులను ఒక జాతి ఈగ బదనికగా ఆశిస్తుంది. మన రాష్ట్రాలలో జీవ నియంత్రణకు వాడే బవేరియా బాసియానా శిలీంధ్రం కూడా ఆకుల పొరలో ఉన్న పురుగులకు సోకుతుంది.

గుడ్లకు మేలు చేసే తేమే శిలీంధ్రానికి కూడా మేలు చేస్తుంది. అందువల్ల తడి సంవత్సరం పురుగుకు లాభమా, నష్టమా అన్నది ఏ నెలలో వాన పడింది, ఆ నెలలో పురుగు ఏ దశలో ఉంది అనే వివరాలపై ఆధారపడుతుంది. బదనికల సంఖ్య పురుగు సంఖ్య పెరిగిన తరువాతనే పెరుగుతుంది కాబట్టి విజృంభణను అవి ఆరంభంలోనే ఆపలేవు.

న్యూజిలాండ్ అనుభవం: కలుపును తినే మిత్రుడు

ఐరోపాలో శత్రువుగా భావించే ఈ పురుగును న్యూజిలాండ్ మిత్రుడిగా తెచ్చుకుంది. వేటకు అనువుగా గ్రౌస్ పక్షులను పెంచాలన్న ఉద్దేశంతో జాన్ కల్లెన్ అనే అధికారి 1912 నుంచి టాంగరీరో జాతీయ వనంలో హీథర్‌ను నాటించారు. పక్షులు నిలవలేదు గాని, హీథర్ నిలిచి స్థానిక మొక్కలను కప్పివేస్తూ వేల హెక్టార్లకు పాకింది. దాని నియంత్రణ కోసం బ్రిటన్ నుంచి తెచ్చిన పెంకు పురుగును 1996లో అక్కడ విడుదల చేశారు. దిగుమతి చేసిన పురుగులలో కనిపించిన సూక్ష్మజీవి వ్యాధిని తొలగించడానికి ఎంపిక చేసిన వంశాలను మాత్రమే పెంచవలసి వచ్చింది.

వ్యాధి లేదు, ఐరోపాలోని బదనికలు లేవు, మేత అపారంగా ఉంది. అయినా చాలా ఏళ్ల పాటు పురుగు ఆశించిన విధంగా వృద్ధి చెందలేదు. అనేక విడుదల స్థలాలలో అది నిలదొక్కుకోలేకపోయింది. పరిశోధకులు మూడు కారణాలను పరిశీలించారు. మొదటిది, ఎత్తైన ఆ ప్రాంతంలో వసంతంలో వచ్చే ఆకస్మిక చలి. రెండవది, పోషకాలు తక్కువైన అగ్నిపర్వత నేలలపై పెరిగే హీథర్ ఆకులలో నత్రజని కొరత. మూడవది, కొద్ది వంశాల నుంచే సంతతి రావడం వల్ల పురుగుల పరిమాణం చిన్నదై, శీతాకాలానికి చాలినంత కొవ్వు నిల్వ చేసుకోలేకపోవడం.

కాలక్రమంలో నిలదొక్కుకున్న చోట్ల పురుగు సంఖ్య పెరిగి, విస్తారంగా హీథర్‌ను ఎండగొట్టింది. హీథర్ చనిపోయిన ప్రదేశాలలో స్థానిక మొక్కలు తిరిగి పెరగడం గమనించారు. కలుపుమందు చల్లిన చోట వెడల్పాకు స్థానిక మొక్కలు కూడా దెబ్బతిన్నాయి. నెదర్లాండ్స్‌లో సమృద్ధిగా ఉన్న నత్రజని పురుగుకు ఊతమిస్తే, టాంగరీరోలో దాని కొరత పురుగును వెనుకకు లాగింది. పురుగు జాతి ఒకటే, మొక్క జాతి ఒకటే. పరిస్థితులు మారితే ఫలితం తారుమారైంది.

యాజమాన్య పద్ధతులు

హీత్‌భూములలో ఈ పురుగుపై పురుగుమందులు చల్లడం ఆచరణయోగ్యం కాదు. విస్తీర్ణం ఎక్కువ, అక్షింతల పురుగులు, బదనికలు నశిస్తాయి, అసలు కారణమైన నత్రజని యథాతథంగా ఉంటుంది. అందువల్ల యాజమాన్యం ప్రధానంగా మొక్క వయసు, నేల పోషకాలపైనే కేంద్రీకృతమై ఉంటుంది.

భూమిని చిన్న భాగాలుగా విభజించి వేర్వేరు సంవత్సరాలలో కోయడం గాని, నియంత్రిత పద్ధతిలో కాల్చడం గాని చేస్తే వివిధ వయసుల పొదలు పక్కపక్కనే ఉంటాయి. ఒకే సంవత్సరంలో అన్నీ ముదరవు; దాడి తరువాత చిగురించగల పొదలు ఎక్కడో ఒకచోట మిగులుతాయి. గొర్రెలను మేపడం వల్ల దాడి అనంతరం గడ్డి ఆక్రమణ తగ్గుతుంది. పై మట్టిని చెక్కి తొలగిస్తే పేరుకున్న నత్రజని పోతుంది. అయితే దానితో పాటు భాస్వరం, ఇతర ఖనిజాలు, నేలలోని జీవులు కూడా పోతాయి కాబట్టి దీనిని పెద్ద విస్తీర్ణంలో ఒకేసారి చేయరాదు.

ఈ పద్ధతులన్నీ ఉపశమనం మాత్రమే కలిగిస్తాయి. నత్రజని మూలాన్ని తగ్గించడమే శాశ్వత పరిష్కారం. అది సులభం కాదనడానికి నెదర్లాండ్స్ అనుభవమే సాక్ష్యం. ఆ దేశ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2019 మే 29న నత్రజని అనుమతుల విధానాన్ని కొట్టివేయడంతో అనేక నిర్మాణ, పశుపోషణ ప్రణాళికలు నిలిచిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో రైతులు ట్రాక్టర్లతో రోడ్లపైకి వచ్చారు. రక్షిత ప్రకృతి ప్రదేశాల పరిరక్షణ, రైతు జీవనోపాధి ఒకదానికొకటి ఎదురై నిలిచిన సందర్భమిది.

తెలుగు రాష్ట్రాల పంటలకు వర్తించే అంశాలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో హీత్‌భూములు లేవు. అయితే హీథర్ పెంకు పురుగు ద్వారా స్పష్టమైన సూత్రాలు ఇక్కడి పురుగులలోనూ కనిపిస్తాయి.

వరిలో సుడిదోమ ఇందుకు మొదటి ఉదాహరణ. నత్రజని ఎరువును సిఫారసుకు మించి వేయడం, ఒత్తుగా నాటడం, మొదళ్ల వద్ద గాలి, వెలుతురు లేక తేమ నిలవడం దీని ఉధృతికి దోహదం చేస్తాయి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తీయడం, పొలాన్ని మధ్యమధ్య ఆరబెట్టడం అనే సిఫారసులు మొదళ్ల వద్ద సూక్ష్మ వాతావరణాన్ని మార్చడానికే ఉద్దేశించినవి. విచక్షణ లేకుండా మందులు చల్లితే సాలెపురుగులు, మిరిడ్ నల్లులు నశించి దోమ తిరిగి విజృంభిస్తుంది.

వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగు రెండవ ఉదాహరణ. దీని కోశాలు నేలలో ఉండి, తొలకరి మంచి వర్షాలు పడిన తరువాత రెక్కల పురుగులు ఒక్కసారిగా వెలువడతాయి. ఇక్కడ ఉధృతికి సూచిక సగటు ఉష్ణోగ్రత కాదు, ఆ వాన పడిన తేదీ. అందుకే వేసవి లోతు దుక్కులు, వానల వెంట దీపపు ఎరల ఏర్పాటు ఫలితమిస్తాయి.

వయ్యారిభామను తినే మెక్సికో పెంకు పురుగు జైగోగ్రామా బైకలరేటా మూడవ ఉదాహరణ. 1984లో బెంగళూరులో విడుదల చేసిన ఈ పురుగు వానాకాలంలో చురుకుగా పనిచేసి, పొడి కాలంలో నేలలో సుప్తావస్థలో ఉండిపోతుంది. టాంగరీరోలో వలెనే ఇక్కడ కూడా మిత్ర పురుగు పనితీరును వాతావరణమే నిర్దేశిస్తుంది.

కరవు అన్ని పురుగులపైనా ఒకే విధంగా పనిచేయదన్నది కూడా గుర్తుంచుకోవాలి. హీథర్ పెంకు పురుగు కరవులో బరువు కోల్పోయింది. రసం పీల్చే ఎర్రనల్లి పొడి, వేడి వాతావరణంలో వృద్ధి చెందుతుంది. కాబట్టి వర్షాభావం ఏర్పడినపుడు పురుగులన్నింటికీ కలిపి ఒకే సలహా ఇవ్వడం శాస్త్రీయం కాదు.

ఈ ఉదాహరణల దృష్ట్యా వాతావరణ ఆధారిత పురుగు సలహా రూపొందించే ముందు నాలుగు ప్రశ్నలకు సమాధానం సేకరించడం అవసరం.

1. ప్రస్తుత వాతావరణం పురుగు ఏ దశపై పనిచేస్తున్నది? ఆ దశ మొక్కపై ఉన్నదా, నేలలో ఉన్నదా?
2. మొక్క మేతగా ఎలా మారింది? దాని నత్రజని, నీటి శాతం, వయసు ఎలా ఉన్నాయి?
3. అదే వాతావరణం సహజ శత్రువులకు అనుకూలమా, ప్రతికూలమా?
4. పురుగు సంఖ్య తక్కువగా ఉన్నా, మొక్క తట్టుకోగల స్థితిలో ఉన్నదా?

విద్యార్థులు పరిశోధన ప్రణాళికలు వేసేటప్పుడు కూడా ఉష్ణోగ్రతను మాత్రమే మార్చి పురుగు ఎదుగుదలను కొలవడంతో సరిపెట్టరాదు. బ్రాండ్‌బ్యర్గ్‌లో కరవు, వేడి, బొగ్గుపులుసు వాయువులను కలిపి పరీక్షించినందువల్లనే వాటి ఉమ్మడి ప్రభావం బయటపడింది. ప్రయోగశాలలో కోసి తెచ్చిన ఆకులపై కాక, పొలంలోని సజీవ మొక్కపై పురుగును పెంచి చూడడం వల్ల మొక్క ద్వారా వచ్చే ప్రభావం కూడా లెక్కలోకి వస్తుంది.

ముగింపు

హీథర్ పెంకు పురుగు విజృంభణకు వేడి ఒక్కటే గాని, నత్రజని ఒక్కటే గాని, వాన ఒక్కటే గాని కారణం కాదు. తడి వసంతం గుడ్లను కాపాడాలి; నత్రజని మేతను బలపరచాలి; పొద ముదిరి ఉండాలి; శత్రువులు వెనుకబడి ఉండాలి. ఇవన్నీ కలిసిన ఏడాది హీథర్ ఎండుతుంది. నేలలో నత్రజని పేరుకొని ఉంటే తిరిగి రాదు. వీటిలో వానను, చలిని మనిషి అదుపు చేయలేడు. నేలకు చేరే నత్రజని, మొక్కల వయసు, సహజ శత్రువుల రక్షణ మాత్రం మనిషి చేతిలో ఉన్నవి. హీత్‌భూమిలోనైనా, వరి పొలంలోనైనా మారుతున్న వాతావరణానికి తట్టుకొనే సస్యరక్షణ ఈ మూడింటి నుంచే ఆరంభం కావాలి.